ఊరికే నీరసమా, థైరాయిడ్ లోపమా? ఒక చిన్న రక్తపరీక్ష చెప్పే సంగతి

"ఏం బాధమ్మా?" అని అడిగితే మా ఓ.పి.కి వచ్చే తల్లుల్లో చాలామంది వెంటనే ఏమీ చెప్పలేరు. "ఏమీ లేదండీ, ఊరికే నీరసం" అంటారు. జ్వరం ఉండదు, ఫలానా చోట నొప్పి అని చూపించడానికీ ఉండదు. ప్రక్కన ఉన్నవారు "పనంటే బద్ధకం డాక్టరుగారూ" అని నవ్వేయడం కూడా మేము చూస్తుంటాము. అలా అనిపించుకుని తల దించుకున్నవారిలో కొందరికి ఉన్నది బద్ధకం కాదు, జబ్బు. మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి చేయవలసినంత పని చేయకపోవడమే ఆ జబ్బు. వైద్యులు దీనిని హైపోథైరాయిడిజం అంటారు. దీనిని ఎలా అనుమానించాలో, ఏ పరీక్ష చేయించుకోవాలో, ఎవరి విషయంలో ఆలస్యం అస్సలు పనికిరాదో ఈ సంచికలో తెలుసుకుందాము.

ముందుగా ఒక మాట. మనవారు "నాకు థైరాయిడ్ ఉంది" అంటుంటారు. థైరాయిడ్ అందరికీ ఉంటుంది, అది గ్రంథి పేరు. అది తక్కువ పని చేస్తోందా, ఎక్కువ పని చేస్తోందా అన్నదే అసలు ప్రశ్న. ఆ రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా "థైరాయిడ్ ఉంది" అని ఊరుకోకుండా తక్కువా, ఎక్కువా అన్నది చెప్పండి. తెలియకపోతే పాత రిపోర్టు చూపించండి. ఈ పాఠం తక్కువ పనిచేసే థైరాయిడ్ గురించి మాత్రమే.

గ్రంథి చేసే పని

సీతాకోకచిలుక రెక్కలు చాపినట్లు ఉండే ఈ గ్రంథి బరువు పెద్దవారిలో సుమారు 20 గ్రాములు. మనం తినే ఆహారంలోని అయోడిన్‌ను తీసుకుని ఇది టి4, టి3 అనే రెండు హార్మోన్లను తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. శరీరంలోని ప్రతి భాగం ఎంత వేగంగా పని చేయాలో ఆ హార్మోన్లు నిర్ణయిస్తాయి. పొయ్యి మంట తగ్గిస్తే అన్నం ఉడకడం మానదు కానీ చాలా నెమ్మదిగా ఉడుకుతుంది. థైరాయిడ్ తగ్గినప్పుడు శరీరంలో జరిగేది అలాంటిదే. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, ప్రేగులు నెమ్మదిగా కదులుతాయి, ఆలోచన నెమ్మదిస్తుంది, ఒంట్లో వేడి తగ్గుతుంది.

మెదడు అడుగున పిట్యూటరీ అనే మరొక చిన్న గ్రంథి ఉంది. ఇది పని మీద ఉన్న మేస్త్రీ లాంటిది. కూలీ చురుకుగా పనిచేస్తుంటే మేస్త్రీ గొంతు పెంచడు. కూలీ మందగిస్తే కేకలు వేస్తాడు. పిట్యూటరీ వేసే ఆ కేక పేరే టి.ఎస్.హెచ్. అందువల్ల థైరాయిడ్ పని తగ్గినప్పుడు రక్తంలో టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. "రిపోర్టులో ఎక్కువ వచ్చింది కదా, మరి తక్కువ అంటారేమిటి?" అని మమ్మల్ని అడగని వారు తక్కువ. ఎక్కువైనది మేస్త్రీ కేక, తగ్గినది కూలీ పని. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మీ రిపోర్టు మీకు సగం అర్థమైనట్లే.

ఎలా అనుమానించాలి?

ఈ జబ్బు ఒక్క రోజులో రాదు. నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి మెల్లగా వస్తుంది. అందుకే రోజూ చూసే ఇంటివారికి తేడా తెలియదు. ఏడాది తరువాత చూసిన చుట్టం గుర్తుపడతారు, "ఏమ్మా, ముఖం అలా ఉబ్బిందేమిటి?" అని. మేము అనుమానం వచ్చినవారిని నాలుగైదేళ్ళ క్రితం ఫొటో ఏదైనా ఉంటే చూపించమంటాము. పాత గుర్తింపు కార్డు మీది ఫొటో అయినా చాలు. కనురెప్పల క్రింద ఉబ్బు, కనుబొమ్మల చివర వెంట్రుకలు పలచబడటం, ముఖంలో కళ తగ్గడం పాత ఫొటో ప్రక్కన పెట్టి చూస్తే తెలుస్తాయి.

ఎనిమిది గంటలు నిద్రపోయినా తీరని అలసట మొదటి గుర్తు. ఇంటిల్లిపాదీ ఫ్యాను కావాలంటుంటే ఒక్కరే చలి అని దుప్పటి కప్పుకోవడం మరొకటి. మన ఎండాకాలంలో కూడా ఒకరికి చలి వేస్తోందంటే దానిని తేలికగా తీసుకోకండి. మలబద్ధకం కొత్తగా మొదలవుతుంది. కొబ్బరినూనె ఎంత రాసినా చర్మం పొడిగా, గరుకుగా ఉంటుంది, దువ్వెన నిండా జుట్టు వస్తుంది. ఉంగరం బిగుసుకుంటుంది, చేతికి ఎక్కే గాజులు ఎక్కవు. గొంతు బొంగురుపోతుంది. ఆరాధనలో పై స్వరం పాడే అక్కయ్య ఇప్పుడు క్రింది స్వరానికి మారారంటే జలుబు అనుకుంటాము. ఆ జలుబు నెలలు దాటినా తగ్గకపోతే గొంతుతో పాటు థైరాయిడ్‌ను కూడా చూపించుకోవాలి.

స్త్రీలలో బహిష్టు ఎక్కువ రోజులు, ఎక్కువగా అవుతుంది. కొందరికి క్రమం తప్పుతుంది. పిల్లలు కలగకపోవడానికి, గర్భం నిలవకపోవడానికి కూడా ఇది ఒక కారణం కాగలదు. ఆ సంగతి తెలియక కోడలిని నిందించిన ఇళ్ళు ఉన్నాయి. పెళ్ళయిన ఏడాదికి గర్భం రాలేదని వచ్చే దంపతులకు మేము మొదట వ్రాసే పరీక్షల్లో టి.ఎస్.హెచ్. ఒకటి.

బరువు గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. థైరాయిడ్ తగ్గితే బరువు పెరగడం నిజమే, కానీ చాలామందిలో అది రెండు నుంచి ఐదు కిలోల వరకే, అందులోనూ కొంత నీరు. పదిహేను, ఇరవై కిలోలు పెరిగినవారు ఆ నేరమంతా థైరాయిడ్ మీద వేస్తే అది మోయలేదు. సన్నబడటానికని థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపం లేనివారు వేసుకుంటే గుండె దడ, ఎముకలు పలచబడటం వంటివి వస్తాయి.

కొందరిలో ఈ జబ్బు వేరే వేషంలో వస్తుంది. వృద్ధులలో మతిమరుపుగా, మాట తగ్గిపోవడంగా, దిగులుగా కనిపిస్తుంది. "వయసు మీద పడింది" అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. కొందరికి రాత్రివేళ చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు పట్టేస్తాయి. కొందరికి ఏ బాధా ఉండదు, కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చిందని పంపితే అసలు కారణం థైరాయిడ్ అని తేలుతుంది. బడి పిల్లలలో ఎత్తు ఆగిపోవడం ముఖ్యమైన గుర్తు. తమ్ముడు అన్నను దాటి ఎదుగుతుంటే, నిరుటి యూనిఫాం ఈ ఏడాది కూడా సరిగ్గా సరిపోతుంటే సంతోషించకండి, ఎత్తు కొలిపించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ఏ బాధా లేకపోయినా ఏటా పరీక్ష చేయించాలి.

పురుషులకు రాదనుకోకండి. స్త్రీలలో చాలా ఎక్కువ, అంతే.

పైన చెప్పినవి ఒకటి రెండు ఉన్నంత మాత్రాన ఈ జబ్బే అని నిర్ణయించుకోకూడదు. రక్తహీనత, షుగరు, నిద్రలేమి, మనసులోని దిగులు, ముట్లు ఆగే వయసు, వీటన్నిటిలోనూ ఇలాంటి నీరసమే ఉంటుంది. లక్షణాలు అనుమానం కలిగించడానికే. నిర్ణయం రక్తపరీక్షది.

ఎంతమందికి ఉంది?

మన దేశంలో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో 5 వేలకు పైగా పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 11 శాతం మందికి, అంటే దాదాపు తొమ్మిది మందిలో ఒకరికి, థైరాయిడ్ తక్కువగా ఉన్నట్లు తేలింది. స్వల్ప లోపం మాత్రమే ఉన్నవారు ఈ లెక్కలో లేరు, వారు అదనం. అయితే మమ్మల్ని ఆలోచింపజేసినది ఇంకొక సంగతి. అలా లోపం ఉన్నవారిలో మూడో వంతు మందికి దాదాపుగా, ఆ రక్తం తీసే రోజు వరకు తమకు అది ఉన్నట్లే తెలియదు.

అలాగని ప్రతి ఒక్కరూ ఏటా డబ్బు పెట్టి పరీక్ష చేయించుకోవాలని మేము చెప్పము. లక్షణాలు రెండు మూడు కలిసి ఉన్నవారు, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు ఉన్నవారు, మెడ ముందు వాపు ఉన్నవారు, గతంలో థైరాయిడ్ ఆపరేషన్ లేదా రేడియో అయోడిన్ చికిత్స జరిగినవారు, చిన్నతనం నుండి ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, మానసిక జబ్బుకు లిథియం, గుండె లయ తప్పడానికి అమియోడరోన్ వాడుతున్నవారు, గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు తప్పక చేయించుకోవాలి. పుట్టిన ప్రతి బిడ్డకూ చేయించాలి. ఆ సంగతి చివర వివరంగా చెప్తాము.

పరీక్షకు వచ్చేటప్పుడు

చేతి నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు, అంతే. పరగడుపున రావాలని నియమం లేదు. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా అదే రోజు ఉంటే మాత్రం ఏమీ తినకుండా రమ్మంటారు. టి.ఎస్.హెచ్. తెల్లవారుజామున కొంచెం ఎక్కువగా, మధ్యాహ్నానికి కొంచెం తక్కువగా ఉంటుంది కనుక ప్రతిసారీ ఉదయం పూటే ఇస్తే పోల్చి చూడటం సులభం. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారు ఆ ఉదయం రక్తం ఇచ్చిన తరువాత మాత్ర వేసుకోండి.

జుట్టు రాలుతోందని చాలామంది బయోటిన్ ఉన్న బిళ్ళలు వాడుతున్నారు. మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. వీటివల్ల కొన్ని ల్యాబు యంత్రాలు తప్పు అంకె చూపుతాయి. లోపం ఉన్నా లేనట్లు రావచ్చు. జుట్టు రాలడానికి కారణమైన జబ్బును, జుట్టు కోసం వేసుకున్న బిళ్ళే కప్పిపుచ్చుతుందన్నమాట. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు అవి మానండి, వాడుతున్నట్లు ల్యాబులో చెప్పండి. పెద్ద జ్వరంతోనో ఆపరేషన్ అయ్యో ఆసుపత్రిలో పడుకుని ఉన్నప్పుడు కూడా ఈ అంకెలు తారుమారవుతాయి. అత్యవసరం కాకపోతే కోలుకున్న తరువాతే చేయించుకోవడం మంచిది.

సాధారణంగా పెద్దవారిలో టి.ఎస్.హెచ్. లీటరుకు 0.4 నుంచి 4 లేదా 5 మిల్లీ యూనిట్ల మధ్య ఉంటుంది. ల్యాబును బట్టి హద్దులు కొంచెం మారతాయి కనుక మీ రిపోర్టులో ప్రక్కన ముద్రించిన హద్దులే చూడండి. టి.ఎస్.హెచ్. పెరిగి, ఫ్రీ టి4 తగ్గి ఉంటే లోపం ఖాయం, మందు మొదలుపెట్టాలి. టి.ఎస్.హెచ్. కొంచెమే పెరిగి, ఫ్రీ టి4 మామూలుగా ఉంటే దానిని స్వల్ప లోపం అంటాము. ఇటువంటివారు భయపడి ఆ రోజే మాత్ర మొదలుపెట్టనవసరం లేదు. రెండు మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షిస్తే కొందరిలో అదే సర్దుకుంటుంది. టి.ఎస్.హెచ్. 10 దాటితే సాధారణంగా మందు ఇస్తాము. 10 లోపు ఉన్నప్పుడు వయసు, లక్షణాలు, గుండె పరిస్థితి, గర్భం కోరుకుంటున్నారా అన్నవి చూసి నిర్ణయిస్తాము. 75 ఏళ్ళ తాతగారికి 6 వచ్చినదీ, గర్భిణికి 6 వచ్చినదీ ఒకటి కాదు.

ఒక్కొక్కసారి టి.ఎస్.హెచ్. ఒక్కటే చూస్తే మోసపోతాము. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, ఆ తరువాత పాలు పడక, బహిష్టు తిరిగి రాక, ఏళ్ళ తరబడి నీరసంగా ఉండే తల్లులున్నారు. వారిలో దెబ్బతిన్నది కూలీ కాదు, మేస్త్రీ. రక్తం అందక పిట్యూటరీ గ్రంథే పాడైపోతుంది. కేక వేసేవారే లేనప్పుడు టి.ఎస్.హెచ్. పెరగదు, రిపోర్టు మామూలుగా కనిపిస్తుంది. ఫ్రీ టి4 కూడా చూస్తేనే సంగతి బయటపడుతుంది. వీరికి థైరాయిడ్ మాత్ర కంటే ముందు వేరే హార్మోను ఇవ్వవలసి రావచ్చు. కాబట్టి పదేళ్ళ క్రితం కాన్పు అయినా సరే, ఆనాడు రక్తం ఎక్కించారని డాక్టరుతో చెప్పడం మరువకండి.

మెడ స్కానింగ్ అందరికీ అక్కరలేదు. గడ్డ చేతికి తగిలితేనే, లేదా వాపు ఉంటేనే అవసరం.

ఎందుకు వస్తుంది? ఉప్పు సంగతి ఏమిటి?

ఇప్పుడు మనలో ఎక్కువమందికి కారణం హషిమోటో జబ్బు. 1912లో దీనిని మొదట వర్ణించిన జపాను డాక్టరు పేరే దానికి వచ్చింది. రోగాలతో పోరాడవలసిన మన రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్ మీద పడి దానిని మెల్లగా పాడుచేస్తుంది. యాంటీ టి.పి.ఓ. అనే పరీక్షతో ఇది తెలుస్తుంది. ఒకసారి చేయించుకుంటే చాలు, ప్రతి ఏడాదీ డబ్బు పెట్టనవసరం లేదు. ఇది అంటువ్యాధి కాదు, ఏ తప్పు చేసినందుకూ రాదు.

ఒకప్పుడు మన దేశంలో పెద్ద కారణం అయోడిన్ లోపం. హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో మెడ వాపులు ఇంటింటా ఉండేవి. 1956లో అక్కడ మొదలైన ప్రయోగానికి నడుం కట్టినవారిలో మన శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు ముఖ్యులు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందించారు. కొన్నేళ్ళకు అయోడిన్ అందిన చోట మెడ వాపులు బాగా తగ్గాయి. ఆ తరువాత మూడో భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మడాన్ని 2006లో దేశమంతటా నిషేధించారు.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, ఇప్పుడు కొందరు ఆరోగ్యం కోసమని సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు, కల్లుప్పు మాత్రమే వాడుతున్నారు. వాటిలో చాలావాటికి అయోడిన్ కలపరు. ఆవకాయకు కల్లుప్పు వాడుకోండి, కాదనము. రోజూ కూరలో వేసేది మాత్రం అయోడిన్ ఉప్పై ఉండాలి. ముఖ్యంగా గర్భిణులున్న ఇంట్లో. మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి. ఎక్కువ వేయమని దీనర్థం కాదు, బి.పి. ఉన్నవారు ఎప్పటిలాగే తగ్గించాలి. హషిమోటో జబ్బు వచ్చాక అయోడిన్ ఉప్పు తిన్నంత మాత్రాన అది తగ్గదు కూడా. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానాలా అని అడుగుతుంటారు. వండుకుని మామూలుగా తింటే మానవలసిన పని లేదు.

మాత్ర వాడే తీరు

1891లో ఇంగ్లండులో ముర్రే అనే యువ డాక్టరు ఈ జబ్బు ముదిరిన ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం ఇచ్చి చూశాడు. ఆమె కోలుకుని మరో 28 ఏళ్ళు బ్రతికింది. ఆ ఒక్క ప్రాణానికి 870కి పైగా గొర్రెల గ్రంథులు కావలసి వచ్చాయి. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో కెండాల్ అనే శాస్త్రవేత్త ఆ రసంలోని అసలు పదార్థం థైరాక్సిన్‌ను విడదీయగలిగాడు. ఈనాడు అదే పదార్థం చిన్న మాత్రగా, సామాన్యులు కొనగల ధరకు దొరుకుతోంది. తెచ్చుకోవడం కష్టం కాదు. సరిగా వేసుకోవడంలోనే చిక్కంతా.

ఉదయం లేవగానే, ఖాళీ కడుపుతో, మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆ తరువాత అరగంట నుంచి గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిను వద్దు. మాత్ర కాఫీతో మింగితే అందులో కొంత ఒంటికి పట్టదు. అందుకే మోతాదు ఎంత పెంచినా టి.ఎస్.హెచ్. దిగడం లేదని వచ్చేవారిని మేము మొదట అడిగేది "కాఫీ ఎప్పుడు తాగుతారమ్మా?" అని. ఐరన్, కాల్షియం బిళ్ళలు దీనికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. గర్భిణులకు ఈ మూడూ ఒకేసారి ఇస్తారు కనుక జాగ్రత్త. థైరాయిడ్ మాత్ర తెల్లవారగానే, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి భోజనంతో అని గోడ మీద వ్రాసి పెట్టుకోండి. ఉపవాస ప్రార్థన ఉన్న రోజున మాత్ర మానవద్దు. ఖాళీ కడుపుతో వేసుకోవలసిన మాత్రే కదా.

మాత్ర సీసాను ఎండ తగిలే కిటికీలో, వంటగదిలో పెట్టవద్దు. కంపెనీ మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత టి.ఎస్.హెచ్. చూపించుకోండి. మోతాదు మార్చినప్పుడూ అంతే గడువు. వారానికే పరీక్ష చేయిస్తే అంకె ఇంకా కదిలి ఉండదు, డబ్బు దండగ. మోతాదు కుదిరాక ఏడాదికి ఒకసారి చాలు. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాము. ప్రక్కింటివారి మోతాదు మీరు వాడకూడదనడానికి ఇదొక కారణం.

మేము ఎక్కువగా చూసే ప్రమాదం మరొకటి. రిపోర్టు నార్మల్ వచ్చింది కనుక జబ్బు పోయిందని మాత్ర మానేయడం. మాత్ర వేసుకుంటున్నందువల్లే నార్మల్ వచ్చింది. మానిన వెంటనే ఏమీ తెలియదు, మందు ఒంట్లో కొన్ని వారాలు నిలిచి ఉంటుంది. "మానినా బాగానే ఉన్నాను" అన్న ధైర్యం అక్కడ నుంచే వస్తుంది. రెండు మూడు నెలలకు జబ్బు మళ్ళీ మొదటికి వస్తుంది. మందు మానేసిన వృద్ధులు చలికాలంలో ఒళ్ళు చల్లబడి, పిలిచినా పలకని మత్తులోకి వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. అది ప్రాణాపాయం, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. కాన్పు తరువాత వచ్చే తాత్కాలిక లోపం వంటి కొన్నింటిలో మందు ఆపగలిగిన మాట నిజమే. ఆ నిర్ణయం మాత్రం డాక్టరు చేయవలసినది. ప్రార్థించండి, మాత్ర కూడా వేసుకోండి. ఆ రెంటికీ తగవు లేదు.

గర్భిణులు

గర్భంలోని బిడ్డకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచేయదు. ఆ సమయంలో మెదడు ఎదగడానికి కావలసిన హార్మోను అంతా తల్లి నుంచే రావాలి. అందుకే నెల తప్పినట్లు తెలిసిన మొదటి రాకలోనే టి.ఎస్.హెచ్. చేయించుకోండి, ఐదో నెలలో కాదు. ఇప్పటికే మాత్ర వాడుతున్నవారు గర్భం తెలిసిన రోజే కబురు చేయండి. మోతాదు సాధారణంగా నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు పెంచవలసి ఉంటుంది. టి.ఎస్.హెచ్. 2.5 లోపు ఉండేలా చూస్తాము, మొదటి సగంలో నాలుగు వారాలకొకసారి పరీక్షిస్తాము. "కడుపుతో ఉన్నప్పుడు మందులు వద్దు" అని పెద్దవాళ్ళు అనడం బిడ్డ మీద ప్రేమతోనే. కానీ ఇది బయటి మందు కాదు, ఒంట్లో ఉండవలసిన పదార్థమే. బిడ్డకు హాని చేసేది మాత్ర కాదు, మాత్ర లేకపోవడం.

పుట్టిన బిడ్డ

కొందరు బిడ్డలు థైరాయిడ్ గ్రంథి లేకుండానో, సరిగా పనిచేయని గ్రంథితోనో పుడతారు. భారత వైద్య పరిశోధన మండలి వారు కొన్ని నగరాలలో చేయించిన పరీక్షల్లో వెయ్యి పైచిలుకు బిడ్డలకు ఒకరు చొప్పున ఇలా కనిపించారు. తల్లి హార్మోను కొంత ఒంట్లో ఉంటుంది కనుక పుట్టినప్పుడు బిడ్డ చక్కగానే ఉంటుంది. చూసి చెప్పడం డాక్టరుకు కూడా సాధ్యం కాదు. తరువాత పసిరికలు వారాలు గడిచినా తగ్గవు, పాలు త్రాగడానికి లేపవలసి వస్తుంది, ఏడుపు బొంగురుగా ఉంటుంది, మలబద్ధకం, బొడ్డు ఉబ్బు, నాలుక పెద్దదిగా ఉండటం కనిపిస్తాయి. ఇంట్లోవారు మాత్రం "బంగారు తండ్రి, అస్సలు ఏడవడు, ఎప్పుడూ నిద్రే" అని మురిసిపోతుంటారు. ఆ నెమ్మదితనమే జబ్బు కావచ్చు. ఈ గుర్తులన్నీ బయటపడే వరకు ఆగితే బుద్ధి ఎదుగుదలకు జరిగిన నష్టాన్ని ఆ తరువాత ఏ మందూ పూర్తిగా పూడ్చలేదు. మొదటి రెండు వారాల లోపే మందు మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే నడుస్తుంది, మాట్లాడుతుంది, చదువుకుంటుంది.

పరీక్ష చాలా చిన్నది. పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తం నుంచి గానీ, రెండు మూడు రోజుల తరువాత మడమ మీద చిన్న పోటుతో తీసిన చుక్కల నుంచి గానీ చేస్తారు. మన దేశంలో అన్ని ఆసుపత్రులలోనూ ఇది తప్పనిసరిగా జరగడం లేదు. కాబట్టి కాన్పు ఎక్కడ జరిగినా "బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా, రిపోర్టు ఎప్పుడు వస్తుంది?" అని మీరే అడగండి. కాన్పుకు పుట్టింటికి వెళ్ళే అమ్మాయిలు తిరిగి రావడానికి మూడు నెలలు పడుతుంది. ఆసుపత్రిలో ఇచ్చే ఫోను నంబరు అల్లుడుగారిది కాకుండా, బిడ్డ ఉన్న ఇంటిది ఇవ్వండి. రిపోర్టు తేడాగా వస్తే ఆ రోజే పిలుస్తారు.

మందు ఇవ్వవలసి వస్తే, డాక్టరు చెప్పిన మోతాదు మాత్రను శుభ్రమైన చెంచాలో పొడిచేసి, కొద్దిగా తల్లిపాలలో గానీ కాచి చల్లార్చిన నీళ్ళలో గానీ కలిపి అప్పటికప్పుడు పట్టించండి. ముందుగా కలిపి నిలవ ఉంచవద్దు. పాలసీసాలో కలపవద్దు. బిడ్డ సీసాలో పాలు మిగిలిస్తే మందు కూడా అందులోనే మిగిలిపోతుంది.